ఎస్‌యూ ఆజ్ఞ: గుణదోష విచారణ

ఒక పనిముట్టు యొక్క గుణమును అది సాఫీగా పనిచేయునప్పుడు మాత్రమే చూచి నిర్ణయించుట సగము పరీక్ష. అది పనిచేయుటకు నిరాకరించినప్పుడు, ఎందుకు నిరాకరించినదో వాడువానికి ఎంతవరకు తెలియజెప్పగలదు అన్నది మిగిలిన సగము. లినక్స్ వ్యవస్థలో ఒక వాడుకరి మరియొక వాడుకరిగా మారుటకు ఉపయోగించు ‘ఎస్‌యూ’ అను ఆజ్ఞ మొదటి పరీక్షలో ఏబది యేండ్లకు పైగా నెగ్గుచున్నది. రెండవ పరీక్షలో మాత్రము దానికి మంచి మార్కులు వేయుట కష్టము.

నేడు మన జూనియరు, డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలలలో వేలకొలది విద్యార్థులు లినక్స్‌తో పరిచయము చేసికొనుచున్నారు. కొత్తగా నేర్చుకొనువాడు ఆ రెండక్షరముల ఆజ్ఞను టైపు చేసి, సంకేతపదము నిచ్చి, ‘ధ్రువీకరణ విఫలమైనది’ అను అర్థమిచ్చు ఆంగ్ల వాక్యమును చూచి నిలిచిపోవుట సర్వసాధారణము. ఆ వాక్యము వెనుక ఏమేమి కారణములుండవచ్చునో, వాటిని వేరు చేయుట ఎట్లో, ఆ వాక్యమునే మార్చవలసిన అవసర మున్నదో లేదో ఈ వ్యాసమున విచారింతము.

పుట్టుపూర్వములు

ఎస్‌యూ వయసులో యూనిక్స్‌తో సమానమైనది. 1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ మొదటి కూర్పు కరదీపికలోనే అది కనిపించును. ఆనాడు దానికున్న పని ఒక్కటే: సాధారణ వాడుకరిని సర్వాధికారిగా మార్చుట. ఈ సర్వాధికారినే ‘రూట్’ అందురు. ఏ వాడుకరిగానైనను మారు సౌకర్యము తరువాత చేరినది.

సాధారణ వాడుకరి ప్రారంభించిన కార్యక్రమమునకు సర్వాధికారి హక్కు ఎక్కడనుండి వచ్చును? ఇది డెన్నిస్ రిచీ కల్పించిన ఒక చక్కని ఉపాయము. ఒక ఫైలుకు ‘సెట్‌యుఐడి’ అను గుర్తు పెట్టినచో, ఆ కార్యక్రమము దానిని నడిపినవాని హక్కులతో గాక, దాని యజమాని హక్కులతో నడచును. 1973లో దరఖాస్తు చేయబడిన ఈ ఉపాయమునకు 1979లో అమెరికాలో పేటెంటు లభించినది. పిమ్మట దానిని ప్రజోపయోగమునకు విడిచిపెట్టినారు. ఎస్‌యూ ఫైలుకు రూట్ యజమాని; దానిపై ఈ గుర్తు ఉండును. కనుకనే సామాన్యుడు దానిని నడిపినను, సంకేతపదముల రహస్య ఫైలును చదివి సరిచూచు శక్తి దానికి కలుగుచున్నది.

1995లో సన్ సంస్థ వారు ప్రతిపాదించిన ‘పామ్’ అను పద్ధతి వచ్చిన తరువాత ఈ సరిచూచు పని ఎస్‌యూ చేతిలోనుండి జారినది. ఇప్పుడు ఎస్‌యూ ‘ఈ మనిషిని నమ్మవచ్చునా?’ అని పామ్‌ను అడుగును. పామ్ తనకిచ్చిన నియమముల జాబితాను ఒక్కొక్కటిగా పరీక్షించి జవాబు చెప్పును. దీనివలన నియమములను మార్చుట సులువైనది. కాని కారణములు పామ్ లోపలనే ఉండిపోయి, ఎస్‌యూ నోట క్లుప్తమైన జవాబు మాత్రమే మిగిలినది.

ఒకే నిరాకరణ, పలు కారణములు

మా తుని ప్రాంతములో మామిడి కాపు వచ్చినప్పుడు తోటకు కాపరిని పెట్టుదురు. యజమాని లేడనియో, తలుపు తాళము తుప్పు పట్టిన దనియో, వచ్చినవాని పేరు జాబితాలో లేదనియో చెప్పక, అందరికి ‘వీలులేదు’ అని మాత్రమే చెప్పు కాపరి నమ్మకస్థుడే కావచ్చును; ఉపకారి మాత్రము కాడు. ఎస్‌యూ ఆ కాపరి వంటిది. దాని ‘వీలులేదు’ వెనుక సాధారణముగా ఉండు కారణములను చూతము.

మొదటిది, ఎవరి సంకేతపదము అడుగుచున్నదో తెలియకపోవుట. ఎస్‌యూ అడుగునది మనము మారబోవు వాడుకరి సంకేతపదము. దానికి సోదరుని వంటిదైన ‘సూడో’ ఆజ్ఞ అడుగునది మన సొంత సంకేతపదము. సూడో తన ప్రశ్నలోనే ‘ఫలానావారి సంకేతపదము’ అని పేరు పెట్టి అడుగును. ఎస్‌యూ ‘పాస్‌వర్డ్’ అని మాత్రము వ్రాసి ఊరకుండును. రెండు ఆజ్ఞలు నేర్చిన విద్యార్థి ఒకదాని సంకేతపదము మరొకదాని కిచ్చుటలో వింత లేదు. ఒక్క పేరు చేర్చినచో తొలగిపోవు ఈ గందరగోళమును ఇన్నేండ్లు నిలిపియుంచుట ఎస్‌యూ దోషములలో మొదటిది.

రెండవది, రూట్‌కు అసలు సంకేతపదమే లేకపోవుట. 2004లో మొదటి కూర్పు వెలువడిన నాటినుండి ఉబుంటు వ్యవస్థలో రూట్ ఖాతాకు తాళము వేసియే ఇచ్చుచున్నారు. డెబియన్‌లోను, వ్యవస్థను స్థాపించు వేళ రూట్ సంకేతపదమును ఖాళీగా విడిచినచో ఇదే జరుగును. రహస్య ఫైలులో సంకేతపదపు గుప్తరూపము ఉండవలసిన చోట ఆశ్చర్యార్థకము గాని, నక్షత్రపు గుర్తు గాని ఉండును. ఏ పదమును ఏ విధముగా గుప్తీకరించినను ఆ ఒక్క గుర్తు ఫలితముగా రాదు. కావున ఏ సంకేతపదమిచ్చినను సరిపోలదు. అనగా, లేని తాళపుచెవి కొరకు విద్యార్థి గంటలకొలది వెదకుచున్నాడన్న మాట. ఇచ్చట చేయవలసినది సూడో ద్వారా, చిన్న ‘ఐ’ గుర్తుతో, రూట్ షెల్‌లోనికి ప్రవేశించుట.

మూడవది తెలుగువారికి, ఇతర భారతీయ భాషలవారికి ప్రత్యేకమైనది. సంకేతపదమును టైపు చేయునప్పుడు తెరపై ఏమియు కనబడదు; నక్షత్రములు సైతము పడవు. గ్రాఫిక్ తెరలో తెలుగు వ్రాయుచుండి, కీబోర్డును ఆంగ్లమునకు మార్చక ఎస్‌యూ నడిపినచో, మీటలు తెలుగు అక్షరములనే పంపును. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఆంగ్లపు ‘కే’ మీటపై ‘క’, ‘హెచ్’ మీటపై ‘ప’, ‘ఎల్’ మీటపై ‘త’ ఉండును. వేళ్లు సరియైన మీటలనే నొక్కును. యంత్రమునకు చేరునది వేరొక పదము. పెద్దక్షరముల మీట నొక్కియుండుట ఆంగ్లేయునికి తెలిసిన చిక్కు. ఇది మన చిక్కు. ఎస్‌యూను పిలుచుటకు ముందు ఆజ్ఞల వరుసపై నాలుగు అక్షరములు కొట్టి చూచి చెరిపివేయుట దీనికి చాలిన విరుగుడు. అయితే ఆ నాలుగు అక్షరములు సంకేతపదములోనివి కారాదు.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరమైనది: ఎస్‌యూ ఫైలుపైనున్న సెట్‌యుఐడి గుర్తు చెరిగిపోవుట. అనుమతుల చిక్కు వచ్చినప్పుడల్లా ‘అన్నిటికి 777 పెట్టుము’ అను చిట్కా ఒకటి వ్యాపించియున్నది. ఆ చిట్కాను వ్యవస్థ మూలమునుండి అన్ని ఫైళ్లకు వర్తింపజేసినచో, తలుపులన్నియు తెరచుకొనుటయే గాక, సెట్‌యుఐడి గుర్తులును పోవును. అంతట ఎస్‌యూకు రూట్ హక్కు లేక, సరియైన సంకేతపదమిచ్చినను అది తిరస్కరించును. ఫైలు వివరములలో యజమాని అనుమతులు ‘ఆర్, డబ్ల్యూ, ఎస్’ అని ఉండవలెను. మూడవ అక్షరము ‘ఎక్స్’ అని ఉన్నచో గుర్తు పోయినదన్న మాట. అంకెలలో 4755 అని ఉండవలసినది 755 గానో 777 గానో మారియుండును.

ఐదవది తాత్కాలికమైన తాళము. కొన్ని వ్యవస్థలలో ‘ఫెయిల్‌లాక్’ అను పామ్ భాగమును అమర్చుదురు. దాని సహజపు లెక్క ప్రకారము 3 తప్పు ప్రయత్నములైన పిమ్మట ఆ ఖాతా 600 సెకనులు, అనగా 10 నిమిషములు, మూతపడును. ఆ పది నిమిషములలో సరియైన సంకేతపదమును కూడ తప్పుగానే ఎంచును. కంగారుపడి మరల మరల ప్రయత్నించినను అప్పుడు ప్రయోజనముండదు. ప్రత్యేకముగా కోరిననే తప్ప రూట్ ఖాతాకు ఈ నియమము వర్తింపదు.

ఇక మిగిలిన కారణములలో ఎస్‌యూ కొంత మేలుగనే ప్రవర్తించును. పేరు తప్పు వ్రాసినచో అట్టి వాడుకరి లేడని చెప్పును. ‘వీల్’ అను సమూహములోనివారే రూట్‌గా మారవలెనని నియమమున్నచో, సంకేతపదము తప్పనకుండ ‘అనుమతి లేదు’ అనును. మారబోవు ఖాతాకు షెల్ బదులు ‘నోలాగిన్’ అను కార్యక్రమమును కట్టియున్నచో, ఈ ఖాతా అందుబాటులో లేదని తెలుపును. ఈ మూడు సందేశములే, స్పష్టముగా చెప్పుట ఎస్‌యూకు అసాధ్యము కాదని రుజువు చేయుచున్నవి.

జరిగియు జరుగనట్లుండుట

ఎస్‌యూ విఫలము కాకపోయినను విఫలమైనట్లు తోచు సందర్భమొకటి కలదు. ఎస్‌యూను ఒంటరిగా పిలిచినచో మనిషి మారును గాని పరిసరము చాలవరకు పాతదే ఉండును. దాని తరువాత ఒక అడ్డుగీత చేర్చినచో, కొత్త వాడుకరి స్వయముగా ప్రవేశించినట్లు పరిసరమంతయు మారును. డెబియన్ వారు 2018లో, తాము అంతవరకు వాడుచున్న ‘షాడో’ సంపుటిలోని ఎస్‌యూను విడిచి, ‘యుటిల్ లినక్స్’ సంపుటిలోని దానిని గ్రహించినారు. 2019 జులైలో వెలువడిన డెబియన్ 10 నుండి ఈ మార్పు అందరికిని అనుభవములోనికి వచ్చినది. పాతది, అడ్డుగీత లేకున్నను, ఆజ్ఞలను వెదకు దారిని రూట్‌కు తగినట్లు సవరించెడిది; కొత్తది అట్లు చేయదు. ఫలితముగా రూట్‌గా మారినవాడు కొత్త వాడుకరిని చేర్చు ఆజ్ఞ నిచ్చినను ‘అట్టి ఆజ్ఞ లేదు’ అను జవాబు వచ్చును. ఆజ్ఞ ఉన్నది; దాని చిరునామా మాత్రము దారిలో లేదు.

ఈ మార్పును తప్పని అనజాలము. లినక్స్ వ్యవస్థలన్నిటను ఎస్‌యూ ఒకే విధముగా నడచుట మంచిదే. కాని 2019కి పూర్వము వ్రాసిన పాఠములు నేటికిని చేతులు మారుచున్నవి. వాటిలో అడ్డుగీత లేని ఎస్‌యూ ఉండును. ఒక్క గీత లోపమువలన పాఠమంతయు తప్పని విద్యార్థి అనుకొనుట ఆ పాఠమునకు జరుగు అన్యాయము. అంతకుమించి విద్యార్థికి జరుగు అన్యాయము.

మౌనమునకు సమర్థన ఎంతవరకు చెల్లును?

ఎస్‌యూ మితభాషణమును సమర్థించువారి వాదము బలహీనమైనది కాదు. లోనికి రాబోవు అపరిచితునికి ‘నీ పేరు సరియే, సంకేతపదమే తప్పు’ అని చెప్పినచో, సగము రహస్యము చెప్పినట్లే. కనుక ద్వారము వద్ద తక్కువ మాట్లాడవలెనన్నది భద్రతా శాస్త్రములో చిరకాలపు నీతి.

కాని ఎస్‌యూ నిలిచియున్నది వీధి గుమ్మము వద్ద కాదు. ఇంటి లోపలి గది గుమ్మము వద్ద. దానిని పిలుచువాడు అప్పటికే వ్యవస్థలోనికి ప్రవేశించినవాడు. వాడుకరుల జాబితా, సమూహముల జాబితా, ఎవరికి ఏ షెల్ కట్టినారో అన్న వివరము అతడు చదువుకొనగలిగినవే. ఎస్‌యూ ఫైలుపై సెట్‌యుఐడి గుర్తు ఉన్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. అందరికి కనబడు విషయమును దాచుటలో భద్రత లేదు. గుర్తు చెరిగిపోయినప్పుడు సూడో ఏమి చేయునో చూడుడు: తన ఫైలుకు రూట్ యజమానిగా ఉండవలెననియు, సెట్‌యుఐడి గుర్తు ఉండవలెననియు అది స్పష్టముగా చెప్పి ఆగిపోవును. చిన్న యంత్రములలో వాడు ‘బిజీబాక్స్’ లోని ఎస్‌యూ కూడ తనకు ఆ గుర్తు కావలెనని చెప్పును. వీటివలన ఏ దొంగకు ఏ మేలును కలుగలేదు.

దీనికి భిన్నముగా, ఒక ఖాతాకు తాళమున్నదో లేదో, ఎన్ని తప్పు ప్రయత్నములు మిగిలియున్నవో అను వివరములు రహస్య ఫైళ్లకు సంబంధించినవి. వీటిని ఎస్‌యూ చెప్పకుండుటను అంగీకరింపవచ్చును. కావున నా విమర్శ సారమిది: రహస్యమును రహస్యముగా ఉంచుట గుణము, బహిరంగమైన దానిని కూడ రహస్యపు సంచిలో వేసి ఒకే మాటతో మూట కట్టుట దోషము.

న్యాయముగా ఇంకొక మాట చెప్పవలెను. ఎస్‌యూ మనకు చెప్పనిది చాలవరకు చిట్టాలో వ్రాయబడియే యుండును. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో ‘ఆథ్’ అను చిట్టాలోను, రెడ్ హ్యాట్ వంశపు వ్యవస్థలలో ‘సెక్యూర్’ అను చిట్టాలోను దీనిని చూడవచ్చును. డెబియన్ 12 మొదలుకొని మొదటినుండి ఉండునది ‘జర్నల్’ మాత్రమే. చిట్టాలోని పంక్తిలో అడిగినవాని సంఖ్య, నడచుచున్న హక్కు సంఖ్య రెండును ఉండును. రెండవ సంఖ్య సున్న అయినచో సెట్‌యుఐడి గుర్తు పనిచేయుచున్నది; 1000 వంటి సంఖ్య అయినచో గుర్తు పోయినదని అనుమానింపవలెను. ఇంత చక్కని ఆనవాలు ఉండియు, ‘చిట్టా చూడుము’ అను రెండు మాటలు తెరపై లేకపోవుట విచారకరము.

స్టాల్‌మన్ వాదము

ఎస్‌యూ గురించి వ్రాయుచు, ఒకప్పుడు గ్నూ కరదీపికలో ఉండిన చిన్న ప్రకరణమును ప్రస్తావింపకుండరాదు. గ్నూ వారి ఎస్‌యూ ‘వీల్’ సమూహపు నియమమును ఎందుకు పాటింపదో రిచర్డ్ స్టాల్‌మన్ అందులో వివరించినాడు. 1984లో ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో కొందరు వాడుకరులు యంత్రపు సంకేతపదమును మార్చి, ఇతరులకు తెలియనీయక అధికారమును చేజిక్కించుకొనజూచినారట. వీల్ నియమమున్నచో, దయగల వాడొకడు సంకేతపదమును తోటివారికి చెప్పినను వారికి అది ఉపయోగపడదు. కావున ఆ నియమము పాలకుల పక్షమున పనిచేయును. తాను సామాన్యుల పక్షము — ఇది అతని వాదము.

ఒక ఆజ్ఞలోని చిన్న నియమము వెనుక ‘అధికారమెవరిది?’ అను ప్రశ్న ఉన్నదని ఇంత సూటిగా చూపిన రచన మరొకటి అరుదు. ఆ మేరకు అది ఉత్తమ రచన. కాని దాని తర్కము అన్ని చోట్లకు చెల్లదు. పరస్పరము నమ్మికగల కొలదిమంది పరిశోధకుల యంత్రము వేరు. అరువదిమంది విద్యార్థులు వంతులవారీగా కూర్చుండు కళాశాల యంత్రము వేరు. రెండవచోట రూట్ అధికారము యంత్రముపై అధికారము మాత్రమే కాదు. తోటి విద్యార్థి ఫైళ్లపై, అతని శ్రమపై అధికారము. సంకేతపదము ఒకరినుండి ఒకరికి పాకినప్పుడు నష్టపడువాడు పాలకుడు కాడు, రాత్రి మేల్కొని కార్యక్రమము వ్రాసికొన్న ప్రక్క కుర్రవాడు. సామాన్యుని పక్షమన్నది ఇచ్చట ఎటు? స్టాల్‌మన్ దీనికి జవాబు చెప్పలేదు.

కాలము ఈ వివాదమును మరియొక విధముగా పరిష్కరించినది. 2012లో గ్నూ ‘కోర్‌యుటిల్స్’ సంపుటినుండి ఎస్‌యూను తొలగించినారు. యుటిల్ లినక్స్ వారి ఎస్‌యూలో వీల్ నియమము ఉండవలెనా కూడదా అన్నది కార్యక్రమములో గాక పామ్ నియమముల ఫైలులో, ఒక పంక్తి రూపమున, ఆయా స్థలముల నిర్వాహకుల ఇష్టమునకు విడువబడినది. ఇది మంచి పరిష్కారమే. అయితే ఆ పంక్తిని పెట్టినవారు, పెట్టినామని వాడుకరులకు చెప్పవలసిన బాధ్యత కూడ వారిదే.

బోధనలో లోపము

దోషమంతయు ఎస్‌యూపై మోపుట ఉచితము కాదు. దానిని మనము బోధించు పద్ధతిలోను లోపమున్నది. చాల పాఠములలో ఎస్‌యూకు కేటాయించినది ఒకే పంక్తి: ‘ఈ ఆజ్ఞ నిచ్చి సంకేతపదమును టైపు చేసిన రూట్‌గా మారవచ్చును.’ మారలేనప్పుడు ఏమి చేయవలెనో వ్రాయరు. వైద్యవిద్యలో ఆరోగ్యవంతుని శరీరమును మాత్రమే వర్ణించి, రోగ నిదానమును విడిచినట్లున్నది ఇది.

ఆ ఖాళీని నింపునవి ప్రమాదకరమైన చిట్కాలు. అన్నిటికి 777 పెట్టుట ఒకటి. రూట్‌కు ఊరందరికి తెలిసిన సంకేతపదమును పెట్టుట రెండవది. కారణము తెలియక పామ్ నియమములను ఒక్కొక్కటిగా తొలగించుట మూడవది. ఈ మూడింటితోను తలుపు తెరచుకొనవచ్చును. మరల మూయుట మాత్రము ఎవరి తరమును కాదు. గుర్తు చెరిగిన యంత్రములో సూడో కూడ పనిచేయదు గనుక, యంత్రమును పునరుద్ధరణ స్థితిలో మరల ప్రారంభించుట తప్ప సాధారణముగా గత్యంతరముండదు.

నిదానక్రమము కఠినమైనది కాదు. మొదట నేనెవరినో, ఏ సమూహములలో ఉన్నానో చూచుకొనవలెను. పిదప మారబోవు ఖాతా ఉన్నదా, దాని షెల్ ఏది అని చూడవలెను. కీబోర్డు ఏ భాషలో ఉన్నదో పరీక్షింపవలెను. ఎస్‌యూ ఫైలుపై గుర్తును చూడవలెను. ఇంతవరకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అటుపిమ్మట సూడో అధికారము గలవారిని పిలిచి ఖాతాకు తాళమున్నదా, ఫెయిల్‌లాక్ లెక్క ఎంత, పామ్ నియమములలో వీల్ పంక్తి ఉన్నదా, చిట్టా ఏమి చెప్పుచున్నది అని చూపించుకొనవలెను. రూట్‌కు సంకేతపదము అడుగరు గనుక, రూట్ షెల్‌నుండి ఆ ఖాతాలోనికి మారి చూచుట ఒక మంచి పరీక్ష. అక్కడినుండి మారగలిగి, సామాన్యునిగా మారలేకపోయినచో, ఖాతా క్షేమము. దోషము సంకేతపదములోనో, గుర్తులోనో, నియమములోనో ఉన్నది. ఒక గంట తరగతిలో చెప్పదగిన పాఠమిది. దీనివలన విద్యార్థికి ఎస్‌యూ ఒక్కటే కాదు, యూనిక్స్ అనుమతుల విధానమంతయు బోధపడును.

తెలుగు సందేశములు

తెలుగునాట ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు లినక్స్‌ను తెలుగులోనికి తెచ్చుటకు చేసిన కృషి మెచ్చదగినది. సీడాక్ రూపొందించిన ‘బాస్’ లినక్స్ కూడ భారతీయ భాషలకు చోటిచ్చినది. కాని ఒక మాట గుర్తింపవలెను. మూలములో కారణము లేని సందేశమును ఎంత చక్కగా తెనిగించినను కారణము రాదు. ‘ధ్రువీకరణ విఫలమైనది’ అన్నది శుద్ధమైన తెలుగు. దానిని చదివిన విద్యార్థికి మాత్రము ఆంగ్లము చదివినప్పటికంటె ఎక్కువ తెలియదు. అతనికి కావలసినది ‘రూట్ సంకేతపదము సరిపోలలేదు; కీబోర్డు భాషను, ఖాతా స్థితిని చూడుడు; వివరము చిట్టాలో ఉన్నది’ అను వంటి వాక్యము. ఇట్టి వాక్యము ఏ రహస్యమును బయటపెట్టదు. ఎస్‌యూ మూలము అందరికి తెరచియున్నదే. మన యువకులు అనువాదముతో ఆగక ఇట్టి సవరణను మూలమునకే పంపవచ్చును.

సెట్‌యుఐడి ఉపాయమునకే కాలము చెల్లినదనువారును కలరు. 2024లో వెలువడిన సిస్టమ్‌డి 256వ కూర్పులో ‘రన్ జీరో’ అను కొత్త ఆజ్ఞ ఆ గుర్తు లేకుండనే ఈ పనిని చేయుచున్నది. ఎస్‌యూ స్థానమును రేపు మరియొకటి ఆక్రమించిన ఆక్రమింపవచ్చును. తలుపు వద్ద ఎవరు నిలిచినను వారిని మనమడుగవలసిన ప్రశ్న ఒక్కటే: కాదనుట నీ హక్కు, సరియే; ఎందుకు కాదో చెప్పదగినంతవరకైనను చెప్పితివా? ఎస్‌యూ ఇంతవరకు చెప్పినది చాలదు.